స్టార్టర్ లేని బండే శ్రీరామరక్ష

కొత్త బండి కొనుక్కునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది!

ఎగతాళికి అనడం లేదు. తాళం తిప్పగానే స్టార్టయ్యే బండి వల్ల మనిషికి ఏం అనుభవం వస్తుంది? ఏం జ్ఞానం అబ్బుతుంది? తిప్పాడు, వెళ్ళాడు, వచ్చాడు. అదీ ఒక బతుకేనా?

మా పికప్ బండి వయసు పందొమ్మిదేళ్ళు. మా ఆవిడ నడిపే మొక్కల నర్సరీకి అదే ఆధారం. కుండీలు, మట్టి, ఎరువు, మొక్కలు, ఏవైనా దాని మీదే కదలాలి. మొక్కలు పెంచడం, అమ్మడం, ఎత్తడం, దించడం ఆవిడ పని. బండి తోలడం, తీరిక చిక్కితే ఇలా నాలుగు ముక్కలు రాయడం నా పని. ఐదు లక్షల పన్నెండు వేల కిలోమీటర్ల దగ్గర మీటరు మౌనవ్రతం పట్టి ఎనిమిదేళ్ళయింది. ఆ తర్వాత ఎంత తిరిగిందో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ళను వయసు అడక్కూడదని మేమూ ఊరుకున్నాం.

'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్నవాడెవడో గానీ, వాడికి పాత బండి ఉండి ఉండదు. ఉంటే సామెతలు చెప్పేంత తీరిక ఎక్కడిది?

ముందు భద్రత సంగతి చూడండి. మా బావమరిది ఈ మధ్యనే కొత్త పికప్ కొన్నాడు. దానికి అలారం, కెమెరా, ఫోనులో మోగే గంట. పక్కనుంచి పిల్లి పోయినా మోగుతుంది. పాపం, అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తుతాడు. మా బండికి అసలు తాళమే పడదు. ఒకసారి పట్టపగలే ఓ దొంగ ఎక్కి కూర్చున్నాడు. మేం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. పావుగంట దానితో కుస్తీ పట్టాడు. ఆఖరికి చెమట తుడుచుకుని దిగాడు. వాన వచ్చేలా ఉందని కిటికీ అద్దం పైకి లాగి, అది జారకుండా చెక్కముక్క దోపి మరీ వెళ్ళాడు. దొంగలోని మంచితనాన్ని ఏ అలారమైనా ఇలా బయటికి తీసిందా?

బంధుత్వాలకూ ఇదే మంచిది. బావమరిది బండి కొన్న నాటి నుంచి ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఇల్లు మారుతూనే ఉన్నారు. బీరువాలు మోసి మోసి ఆయన భుజం ఒక పక్కకు వాలిపోయింది. నన్ను మాత్రం ఎవరూ అడగరు. నేనే ముందుకెళ్ళి "మా బండి తీసుకురానా?" అంటే, "అయ్యో, మీకెందుకండీ శ్రమ!" అని రెండు చేతులూ పట్టుకుంటారు. ఇంత మర్యాద కొత్త బండి ఉన్నవాడికి దక్కుతుందా?

పైగా మా బండికి దాపరికం తెలియదు. బావమరిది బండిలో తేడా వస్తే తెర మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఎందుకు వెలిగిందో ఆయనకు తెలియదు, షోరూం వాళ్ళకూ తెలియదు. కంప్యూటర్‌ను అడిగి చెబుతామంటారు. మాది అలా కాదు. బెల్టు వదులైతే కీచుమంటుంది. వేడెక్కితే ఆవిరి వదులుతుంది. ఎడమకు తిప్పితే దానంతట అదే హారన్ కొడుతుంది. కుడికి తిప్పితే కొట్టదు. ఎందుకని అడగకండి, దాని ఇష్టాయిష్టాలు దానికుంటాయి.

బ్రేకులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. వేదాంతానికైనా ఒక హద్దుండాలి.

ఇక సైడు అద్దాలు. అవి మూడు లక్షల కిలోమీటర్లప్పుడే రాలిపోయాయి. మొదట్లో నేనూ బాధపడ్డాను. తర్వాత తత్వం బోధపడింది. వెనక ఏముందో చూసుకుంటూ కూర్చున్నవాడు జీవితంలో ముందుకు పోగలడా? అప్పటి నుంచి నేను వెనక్కి చూసింది లేదు. ఎంత మనశ్శాంతిగా ఉందో చెప్పలేను.

అసలు వరం ఇప్పుడు చెబుతాను. తొమ్మిదేళ్ళ కిందట మా బండి స్టార్టర్ మోటారు పోయింది.

మామూలు మనిషైతే వెంటనే బాగుచేయించుకునేవాడు. నేను ఆలోచించాను. వాలులో పెట్టి ఒక్క తోపు తోస్తే కదిలే బండికి స్టార్టర్ ఎందుకు? అందుకే ఇల్లు మారేటప్పుడు మిగతావాళ్ళలా నీళ్ళున్నాయా, వెలుతురుందా అని చూడలేదు. యజమాని గదులు చూపిస్తుంటే నేను వీధి చూస్తున్నాను. గేటు ముందు రోడ్డు మీద ఓ నిమ్మకాయ పెట్టాను. అది నెమ్మదిగా దొర్లుకుంటూ పక్కింటి దర్జీ కొట్టు దాటి, కరెంటు స్తంభం దగ్గర ఆగింది. అక్కడికక్కడే ఇల్లు ఖాయం చేసేశాను. పెరడు కూడా వాలే కావడంతో పై వరస మొక్కలు ఎండుతాయి, కింది వరస మొక్కలు కుళ్ళుతాయి. మా ఆవిడ కింది నుంచి పైకి బిందెలతో నీళ్ళు మోసి సరిచేస్తుంది. ఏ ఇంట్లో మాత్రం చిన్న చిన్న సర్దుబాట్లు ఉండవు?

హ్యాండ్ బ్రేకు కూడా పట్టదు కాబట్టి ముందు చక్రం కింద ఓ నల్లరాయి పెడతాం. బయల్దేరే పద్ధతి చాలా సులువు. నేను సీట్లో కూర్చుని, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి, "ఊఁ" అంటాను. మా ఆవిడ రాయి లాగుతుంది. వెనక్కి వెళ్ళి తోస్తుంది. బండి కదిలి వేగం అందుకోగానే నేను క్లచ్ వదులుతాను. ఇంజిన్ అందుకుంటుంది. నిలబెడితే ఆగిపోతుంది కనుక నేను ఆపను. ఆవిడ రాయిని వెనక పడేసి, తనూ ఎక్కేస్తుంది. ముందు ఎడమ తలుపు తాడుతో కట్టేసి ఉండటం వల్ల వెనక మొక్కల మధ్యే కూర్చుంటుంది. ఆవిడకు గాలి తగలడం ఇష్టం. అడగలేదు గానీ, నాకు తెలుసు.

జిమ్ములకెళ్ళి కదలని సైకిళ్ళు తొక్కేవాళ్ళను చూడండి. మా ఆవిడకు ఆ ఖర్మ లేదు. తోయడం ఒంటికి మంచిది. పరుగు గుండెకు మంచిది. ఇద్దరూ కలిసి బండిని నడిపించడం సంసారానికి మంచిది. కాబట్టి పాఠకులారా, మీ బండి స్టార్టర్ ఇవాళే పీకి పారేయండి!

ఇక్కడిదాకా మంగళవారం రాసి, కాగితాలు భోజనాల బల్ల మీద పెట్టి పడుకున్నాను. మిగతాది శనివారం రాస్తున్నాను.

గురువారం మాకు పెద్ద పని ఉంది. ఊరి చివర కొత్త ఆసుపత్రి తెరుస్తున్నారు. రెండేళ్ళు దాని చుట్టూ తిరిగి మా ఆవిడ ఆ ఆర్డరు సంపాదించింది. తొంభై కుండీలు ఎనిమిదిన్నర లోపల చేరాలి. చేరితే అక్కడి తోట పనంతా ఇక మా నర్సరీదే. ఒక్క నిమిషం దాటినా వేరేవాళ్ళను చూసుకుంటానని అక్కడి మేనేజరమ్మ ముందే చెప్పింది. మూడు రోజులుగా మా ఆవిడకు కంటి మీద కునుకు లేదు.

కుండీలు సర్దేసరికి ఎనిమిది. నేను అలవాటుగా సీటు వైపు నడిచాను. అప్పటికే ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది.

"నడుం పట్టేసిందండీ. వంగలేను. ఇవాళ్టికి మీరు తోయండి," అంది.

"నువ్వు తోలతావా?"

"మీకంటే మూడేళ్ళ ముందే లైసెన్సు తీసుకున్నాను కదా. మర్చిపోయారా?"

మర్చిపోలేదు. గుర్తుచేసుకునే అవసరం రాలేదంతే.

"తోయడం ఒంటికి మంచిదిటగా," అంది. "గాలి కూడా బాగా తగులుతుంది."

అవి నా వాక్యాలే. రాసినప్పుడు చాలా బాగున్నాయి.

ఆవిడ రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి, "ఊఁ" అంది.

తొంభై కుండీల బరువు కింద ఉన్న రాయి ఊరికే రాదని నాకు ఆ రోజే తెలిసింది. భుజంతో బండిని వెనక్కి నెడుతూ, అదే క్షణంలో కాలితో రాయిని పక్కకు తన్నాలి. తన్నాను. రాయి కదిలింది, బొటనవేలూ కదిలింది. రాయి ఎత్తి చంకన పెట్టుకుని, కుంటుకుంటూ వెనక్కెళ్ళి తోశాను. బండి దొర్లింది. ఇంజిన్ ఒక్కసారి దగ్గి, గొట్టంలోంచి నల్లటి పొగ సరిగ్గా నా మొహాన కొట్టింది. పొగ విడిపోయేసరికి నేను రోడ్డు మీద ఉన్నాను. రాయి నా చేతుల్లో ఉంది. బండి కరెంటు స్తంభం దగ్గర ఉంది.

"ఆపు! ఆపవే!" అని అరిచాను.

ఎలా ఆపుతుంది? ఆపితే ఆగిపోతుంది. పోనీ నేను పరిగెత్తడం చూసి నెమ్మదిస్తుందా? ఎలా చూస్తుంది? అద్దాలు లేవు కదా!

ఒక చెప్పు ఊడింది. రాయి గుండెకు హత్తుకుని పరిగెత్తాను. బండి మలుపు తిరిగింది. ఎడమ మలుపు. హారన్ నిండు గొంతుతో మోగింది.

పక్కింటి దర్జీ కొట్టు మెట్ల మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

"ఇవాళ మీరాండీ?" అన్నాడు ఆశ్చర్యంగా. "అమ్మగారైతే స్తంభం దాటకముందే ఎక్కేస్తారు."

"నువ్వు రోజూ చూస్తావా?"

"మీరు ఈ ఇంట్లో దిగినప్పటి నుంచీ చూస్తున్నానండీ. వీధంతా చూస్తుంది. వానాకాలంలో రెండుసార్లు పడిపోయారు కూడా. మోచెయ్యి కొట్టుకుపోతే మా ఆవిడే కట్టు కట్టింది. మీకు తెలీదా?"

నాకు తెలియదు. ఆ రెండు రోజులూ నేను ముందుకు చూస్తున్నాను.

ఆసుపత్రికి రెండున్నర కిలోమీటర్లు. రాయిని వదిలేద్దామంటే, అది లేనిదే అక్కడ బండి నిలవదు. మోసుకుంటూ నడిచాను. దారి పొడుగునా ఆ మోచెయ్యే గుర్తొచ్చింది. గాయం మీద గుడ్డ చుట్టుకుని అన్నం వడ్డించిన రోజు ఒకటి ఉంది. ఏమైందని అడిగితే "గులాబీ ముల్లు" అంది. గులాబీ ముల్లు మోచేతి దాకా ఎందుకు గీసిందని నేను అడగలేదు. సిగ్గేసింది.

చేరేసరికి తొమ్మిది దాటింది. తొంభై కుండీలూ వసారాలో వరసగా కూర్చుని ఉన్నాయి. బండి చక్రం కింద ఎవరో ఇటుక పెట్టారు. మేనేజరమ్మ మా ఆవిడ చేయి పట్టుకుని ఊపుతూ, "ఎనిమిదింపావుకే తెచ్చారు, పనంటే ఇదీ! ఇక తోట మొత్తం మీదే," అంటోంది. మట్టి కొట్టుకుపోయి, ఒంటి చెప్పుతో, రాయి ఎత్తుకుని వచ్చిన నన్ను చూసి ఆగింది.

"ఈయనెవరు?"

"మావారేనండీ," అంది మా ఆవిడ. "రాయి తెచ్చారు."

అన్నట్టు, ఆవిడ నడుం నొప్పి అప్పటికే నయమైపోయింది. ఆసుపత్రి మహిమ అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో వెనక కూర్చున్నాను. గాలి బాగానే తగిలింది. గాలితో పాటు దుమ్ము, పొగ, గుంత వచ్చినప్పుడల్లా రాయి కూడా తగిలాయి. అక్కడ కూర్చుని ఓ విషయం కనిపెట్టాను. ఏ కష్టాన్నైనా వరమని వ్యాసం రాయాలంటే ముందుగా ఒక్క సౌకర్యం ఉండాలి. కూర్చోవడానికి ముందు సీటు! చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. తోలేవాడికి తోసేవాడు అంతకంటే లోకువ.

అందుచేత ఈ వ్యాసకర్త తన అభిప్రాయాన్ని సవరించుకున్నాడు. స్టార్టర్ మోటారు మానవజాతి సాధించిన మహత్తర విజయం. అది లేని బండి నాగరికతకే మచ్చ!

శుక్రవారం బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. స్టార్టర్ వేయడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను.

"ఎన్నాళ్ళేంటండీ? పూట పని," అన్నాడు. "అమ్మగారు ఇదివరకే మూడుసార్లు వచ్చి అడిగారు. మీరేగా 'వద్దులే, అలవాటైపోయింది' అన్నారు!"

పూట పని. తొమ్మిదేళ్ళు.

మధ్యాహ్నానికల్లా అయిపోయింది. మా ఆవిడ ఎక్కి కూర్చుని తాళం తిప్పింది. బండి స్టార్టయింది. ఆపేసి, మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆపింది. అలా నాలుగుసార్లు చేసింది. నేను చెత్తబుట్టలో వేసిన మంగళవారం కాగితాలను ఆ ఉదయమే తీసి, మడతలు సాపుచేసి, "ఇవి కూడా అచ్చు వేయించండి" అని నా చేతిలో పెట్టింది. అందుకే పై సగం మీరు చదవాల్సి వచ్చింది.

"సైడు అద్దాలు కూడా బిగించెయ్యి," అన్నాను మెకానిక్‌తో, కాస్త పెద్దమనిషి తరహాగా. "వెనక ఏం జరుగుతోందో కనిపించాలి."

మా ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఇప్పుడెందుకండీ?" అంది. "ఇప్పుడు వెనక ఎవరూ లేరుగా."