లెక్కకు రాని బొరుగుల ఉండలు

ఇంగ్లీషు వ్యాకరణం బడిలో ఉన్నంతకాలం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నందికొట్కూరు బడి అయివారు రామలింగప్ప దాన్ని చంకన పెట్టుకొని వంటింట్లోకి తెచ్చాడు. తంటా అక్కడ మొదలైంది.

కర్నూలు నుంచి కొత్తగా వచ్చిన ఆ పుస్తకం ప్రకారం తినే వస్తువులు రెండు జాతులు. మామిడిపండు, గుడ్డు ఎంచదగినవి. బియ్యం, ఉప్పు, పిండి, పాలు ఎంచరానివి. ఎంచరానివాటిని ఒకటి, రెండు అని లెక్కపెడితే ఇంగ్లీషువాడు నొచ్చుకుంటాడు.

"మరి సంగటి?" అంది భార్య ఉరుకుందమ్మ, తెడ్డు తిప్పుతూ.

"ఎంచరానిది."

"ముద్దలు ముద్దలుగా పెడతాండానే! నిన్న మూడు తిని, నాలుగోదాంట్లో సగం అడిగితివి. ఎంచింది నేనే గదా?"

రామలింగప్ప పేజీలు తిరగేశాడు. ఎక్కడా సంగటి లేదు. "రాసిన దొర సంగటి తిని ఉండడులే" అన్నాడు.

"తినింటే చేన్లోకి పనికి పోయుండు. పుస్తకం రాసేదానికి పొద్దు యాడిది?"

ఆ రోజు ఆమెకు అంతకంటే వాదించే తీరిక లేదు. మరునాడు ఆత్మకూరులో చెల్లెలు జీవమ్మకు సీమంతం. తల్లి లేని పిల్ల. పుట్టింటి సారె అక్కే పట్టుకుపోవాలి. పక్కింటి బుడేన్ సాహెబ్ మరమరాలు వేయించే బట్టీ నుంచి వీసె బొరుగులు తెచ్చి, వీసె బెల్లం పాకం పట్టి, యాభై ఒక్క ఉండలు చుట్టి కుండలో పెట్టింది. శుభకార్యం గనక బేసి లెక్క. జీవమ్మ అత్త వెంకటేశ్వరమ్మ సారెను పదిమంది ఆడవాళ్ల ముందు ఒక్కొక్కటే తీసి, పైకి లెక్కపెట్టే మనిషి. ఒకటి తగ్గితే ఆ పిల్లకు కాన్పయ్యేదాకా దెప్పుళ్లే.

"ఏమయ్యా, ఇంట్లో ఒక్క ఉండ తగ్గినా సారె గంప నీ నెత్తిన పెట్టి ఆత్మకూరు బజారంతా నడిపిస్తా!"

"నేను అయివారినే! బజార్లో గంపలు మోస్తే పిల్లోళ్లు నా మాట వింటారా? సరస్వతి మీద ఒట్టు, ముట్టను."

ఉరుకుందమ్మ సాహెబ్ భార్య రహమత్ బీతో మాట్లాడి వస్తానని పక్కింటికి వెళ్లింది. రామలింగప్ప అరగంట సేపు పుస్తకం చదివాడు. పుస్తకంలోంచి కూడా బెల్లం పాకం వాసనే వచ్చింది.

ఒక్కటి తిన్నాడు. యాభై మిగిలాయి. అయ్యో, సరి సంఖ్య! శుభకార్యానికి సరి సంఖ్య పంపుతారా? మరదలి మేలు కోరి ఇంకొకటి తిన్నాడు. నలభై తొమ్మిది. బేసి కుదిరింది. కుదిరింది కదా అని ఒకటి తిన్నాడు. మళ్లీ సరి. ఇలా నాలుక కోసం ఒకటి, శాస్త్రం కోసం ఒకటి తింటూ పోయాడు. కుండలో ముప్పై ఏడు తేలేసరికి చెమటలు పట్టాయి.

అప్పుడు వ్యాకరణం ఆదుకుంది. ఉండ ఎంచదగినది. పొడి? ఎంచరానిది!

కుండలోవన్నీ రోట్లో పోసి రోకలి అందుకున్నాడు. ఉరుకుందమ్మ పాకం ముదురు పాకం. ఉండలు రోలు దాటి గూట్లోకి, గూట్లోంచి దొర పుస్తకం మీదికి దూకాయి. పట్టుకొచ్చి మళ్లీ దంచాడు. ఆ చప్పుడుకు పక్కింటి నుంచి ఉరుకుందమ్మ, వెనకాలే బుడేన్ సాహెబ్ పరుగెత్తుకొచ్చారు.

"ఏం చేస్తాండావయ్యా?"

"ఎలుక! కుండ దొర్లించి అంతా పొడి చేసింది."

"రోకలి గూడా అదే తెచ్చిందా?"

రామలింగప్ప గొంతు సవరించుకున్నాడు. "అయిందేదో అయింది. ఇప్పుడిది ఎంచరాని వస్తువు. ఎన్ని అని అడగకూడదు. అడిగితే తప్పు."

ఉరుకుందమ్మ ఎన్ని అని అడగలేదు. "సాహెబన్నా, నీ తక్కెడ ఒకసారి తెస్తావా?" అంది.

సాహెబ్ తూచాడు. మొదటి వీసెకు, ఒకటి అనే చోట, వ్యాపారం అలవాటుగా "లాభం" అన్నాడు. రెండో వీసె దగ్గర నోరు తెరిచి, మూసుకున్నాడు. పద్దెనిమిది పలాల దగ్గరే రోలు అడుగు కనిపించింది.

"పాకంలో తడి ఆవిరైపోయుంటాది" అన్నాడు రామలింగప్ప, నీరసంగా.

"ఆవిరి నీ మీసానికి అంటుకొని ఉండాది, తుడుచుకో." వీసెకు నలభై పలాలని ఆమె వేళ్ల కణుపులు లెక్కపెట్టింది. "రెండు వీసెలకు ఇరవై రెండు పలాలు తగ్గె. పద్నాలుగు ఉండలు తిన్యావు."

ఇరవై ఏళ్లుగా భాగహారం చెబుతున్న అయివారికి ఇక తూకంతో పేచీ లేదు. కానీ అప్పుడే అసలు సంగతి గుండెలో తగిలింది. తెల్లారితే సీమంతం, చేతిలో సారె లేదు. జీవమ్మ పదిమందిలో తలవంచుకుని కూర్చుంటుంది. తల్లి లేదని ఎవరో ఒకరు అననే అంటారు.

"తప్పయిపాయనే. బట్టీలో బొరుగులు ఉంటే తెచ్చి నేనే చుడతా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

బుడేన్ సాహెబ్ ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు. "అయివారూ, సారె ఉండలు పొద్దున్నుంచీ మా ఇంట్లోనే ఉండాయి. ఉరుకుందమ్మ రెండు వాయిలు చేసింది. మా రహమత్ బీ గంపకు గుడ్డ గూడా కట్టేసింది."

రామలింగప్ప రోట్లోకి చూశాడు. "మరి ఇవి?"

"నేను ఊర్లో లేని నాలుగు దినాలు నువ్వు తినేదానికి చేస్తిని" అంది ఉరుకుందమ్మ. "పన్నెండేండ్ల సంసారం. నీ ఒట్టు సంగతి నాకు తెలీదా? నెమ్మదిగా కూసోని తినాల్సినవి దంచి పెట్టుకుంటివి."

మరునాడు ఆత్మకూరులో బస్సు దిగి, నెత్తిన గంపతో అయివారు బజారంతా నడిచాడు. వెంకటేశ్వరమ్మ పైకే లెక్కపెట్టింది. యాభై ఒకటి. జీవమ్మ ముఖం వెలిగిపోయింది.

"మరదలి కోసరం అయివారే గంప మోసుకొచ్చె! శానా మంచోడు. తిననీ పాపం" అంటూ వెంకటేశ్వరమ్మ ఒక ఉండ అతని చేతిలో పెట్టబోయింది.

"వద్దమ్మా" అంది ఉరుకుందమ్మ, ఎంతో జాలిగా. "ఆయనకు ఉండలు పడవు. పొడే తింటాడు. ఇంటికాడ కుండెడు ఉండాది."

తరువాతి వారం బడిలో ఆ పాఠం వచ్చింది. వెనక వరసలోంచి ఎవరో అడిగారు, బొరుగుల ఉండ ఏ జాతి అని.

రామలింగప్ప పుస్తకం చూడలేదు. "ఎంచదగినది నాయనా. ఎంత దంచినా ఎంచదగినదే" అన్నాడు.