ఎర్రగుడ్డ కట్టిన సొరకాయ

తునికిబండ కాలనీ వాసులందరూ 1987 ఆగస్టు ఒకటో తేదీ ఉదయం పది గంటల నుంచి తమ కూరగాయలు తామే పండించుకుని, పొదుపుగా జీవించడం ప్రారంభిస్తారని తెలియజేస్తూ ఒక సర్క్యులర్ వెలువడింది. పది గంటలు ఎందుకంటే ఆఫీసు తెరిచేది అప్పుడే. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మణుగూరు సంతలో వంకాయ ముట్టుకుంటే కాలుతోంది. పొదుపు పాటించమని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరం వచ్చాక కూడా పొదుపు చేయకపోతే క్రమశిక్షణ తప్పినట్టవుతుంది కనుక, కాలనీ యావత్తూ ఆ సాయంత్రానికే పొదుపరి అయిపోయింది.

సర్క్యులర్ మీద సంతకం చేసినవారు కాలనీ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు వెంకటరామారావు గారు. సరిగ్గా ఎనిమిదేళ్ల కిందట కాలనీలో తినదగిన మొక్క ఏదీ పెంచరాదని, క్రోటన్లు మాత్రమే పెంచాలని మరో సర్క్యులర్ ఇచ్చినవారు కూడా వారే. తిండి మొక్కలుంటే అడవి నుంచి పశువులు వస్తాయని, పశువులు వస్తే కాలనీ పల్లెటూరులా కనిపిస్తుందని అప్పట్లో వారి అభిప్రాయం. ఆ రోజుల్లో క్లబ్బు గోడ పక్కన ఒక బొప్పాయి మొక్క తనంతట తాను మొలిచినందుకు తోటమాలి అంతోనయ్య సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది. 'మొక్క మొలిచినందుకు క్షమించగలరు' అని గుమాస్తా రాసిపెడితే కింద వేలిముద్ర వేశాడు.

అంతోనయ్య పని ఆఫీసర్ల క్వార్టర్ల ముందు క్రోటన్లు కత్తిరించడం. బతుకు మాత్రం లేబర్ లైను చివర, తన గుడిసె వెనక ఉన్న దొడ్డిలో ఉండేది. లైనులో ఇరవై కుటుంబాలు స్నానం చేసిన నీళ్లు కాలువలో పడి అక్కడికే వచ్చేవి. ఆ నీళ్లతో చిక్కుడు, బీర, సొర, పుంటికూర, నాలుగు మిరపచెట్లు పెరిగేవి. తిండి మొక్కల నిషేధం అక్కడిదాకా ఎందుకు రాలేదంటే, నిషేధించేవారు ఎప్పుడూ అక్కడిదాకా రాలేదు.

దొడ్డి పెత్తనం అంతా అంతోనయ్య భార్య ముత్యాలమ్మది. ఉల్లిగడ్డకూ వెల్లుల్లికీ తప్ప ఆమె పదకొండేళ్లలో సంతకు సంచి పట్టుకుని పోలేదు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకుకు పోసేది. పొయ్యిలో బూడిద చిక్కుడుకు పట్టిన పేను మీద చల్లేది. మిగిలిన కాయలు వరుగులు చేసి వానాకాలానికి దాచేది. ఇది పొదుపు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే జీతం లేని పని అని నవ్వేది.

ఆమె నేలకొండపల్లి వైపు నుంచి తల్లి ఇచ్చిన సొరవిత్తనంతో పాటు ఒక కట్టుబాటు కూడా తెచ్చుకుంది. తీగకు పడ్డ మొదటి మంచి పిందె ఈ ఏటిది కాదు, వచ్చే ఏటిది. దానికి పాత రవిక చింపి ఒక ఎర్రగుడ్డ కట్టేది. గుడ్డ కట్టిన కాయను పిల్లలు కూడా ముట్టరు. అది తీగకే ముదిరి, తొక్క చెక్కలా గట్టిపడ్డాక పగలగొట్టి, విత్తనాలు బూడిదలో కలిపి ఎండిన సొరబుర్రలో పోసి దూలానికి వేలాడదీస్తారు. అడిగినవాళ్లకు విత్తనం లేదనకూడదు. గుడ్డ కట్టిన కాయను మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఇంతే ఆమె వ్యవసాయశాస్త్రం.

ఉద్యమం ప్రారంభోత్సవం క్లబ్బులో, ఫ్యాన్ల కింద జరిగింది. మహిళామండలి అధ్యక్షురాలు, వెంకటరామారావు గారి సతీమణి నిర్మలాదేవి గారు మాట్లాడారు.

"సోదరీమణులారా, చెమట పట్టకుండా తిన్నది తిండే కాదు. నేటి నుంచి మన పెరడు, మన కాయ, మన చెమట. కాస్త ఎండ తగ్గగానే మొదలుపెడదాం."

చప్పట్లు మోగాయి. కానీ ఆ ఏడు ఎండ తగ్గలేదు. దాంతో నలభై రెండు క్వార్టర్లలో స్వయంకృషి అమలు చేసే బాధ్యతను తోటమాలి అంతోనయ్యకు అప్పగించడమైనదని రెండో సర్క్యులర్ వచ్చింది.

అంతోనయ్య తెల్లవారకముందే పార పట్టుకునేవాడు. నలభై రెండు పెరళ్లు తవ్వాడు. ఒక ఇంజనీరు గారు చిక్కుడుపాదులు తాడు పట్టి వరుసలో నాటించారు. ఒక తీగ వరుస తప్పి పక్కకు పాకితే పీకించారు. ఇంకో ఇంట్లో పేడ వాసన పడదని, దాన్ని ఫినాయిలుతో కడిగి వేయమన్నారు. మరో ఇంజనీరు గారి భార్య హైమ గారు పాదుల చుట్టూ ఇటుకలు పాతించి, ఒకటి విడిచి ఒకటి సున్నం కొట్టించారు. అది ఎంత బాగుందంటే ఆకు పడి మురికవుతుందని అందులో ఏమీ నాటనివ్వలేదు. ఖమ్మం నుంచి తెప్పించిన విత్తనాల పొట్లాలు మొలవలేదు. అందుకని అందరూ ముత్యాలమ్మ దగ్గరికి మనుషుల్ని పంపారు. ఆమె దూలానికి వేలాడే బుర్ర దించి, ఖాళీ అయ్యేదాకా పిడికిళ్లతో పోసింది.

ఇక నీళ్లు కావాలి. బావులు అడుగంటాయి. లేబర్ లైను స్నానాల నీళ్లు వృథాగా పోతున్నాయని వెంకటరామారావు గారు కనిపెట్టారు. జలవనరుల పునర్వినియోగ పథకం అని దానికి పేరు పెట్టి, కాలువను ఆఫీసర్ల వరుసకు మళ్లించమన్నారు. మళ్లింపు తవ్వవలసినవాడు కూడా అంతోనయ్యే. రెండు రోజులు పార పక్కన పెట్టి తటపటాయించి, మూడో రోజు ఆఫీసు వరండాలో చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఆ నీళ్లు వృథా పోతలేవు, మా దొడ్డికి వస్తున్నయి సారూ అని చెప్పుకున్నాడు.

వెంకటరామారావు గారు కోప్పడలేదు. వారు కోపాన్ని కూడా పొదుపు చేస్తున్నారు.

"నువ్వు ఒక్క దొడ్డి గురించి ఆలోచిస్తున్నావు అంతోనయ్యా. నేను నలభై రెండు దొడ్ల గురించి ఆలోచిస్తున్నాను. మనిద్దరిలో ఎవరిది విశాలమైన మనసు?"

"తమరిదే సారూ," అన్నాడు అంతోనయ్య. అతనికి లెక్క అలాగే తేలింది. వెళ్లి కాలువ తవ్వాడు.

నెల తిరక్కుండా అతని దొడ్డి ఎండిపోయింది. పుంటికూర ముందు పోయింది, తర్వాత బీర. ఎర్రగుడ్డ కట్టిన ఒక్క సొరకాయ కోసం ముత్యాలమ్మ తాగే నీళ్లలోంచి రోజూ చెంబెడు మిగిల్చి ఆ పాదుకు పోసింది. కాయ మాత్రం పంతం పట్టినట్టు చంటిపిల్లంత పెరిగింది. దాన్ని చూసినప్పుడల్లా అంతోనయ్యకు గుండె నిబ్బరపడేది. ఈ ఏడు పోతే పోయింది, వచ్చే ఏడు ఉందనుకునేవాడు.

డిసెంబరులో ఇంటిపంటల ప్రదర్శన పెట్టారు. హెడ్డాఫీసు నుంచి పెద్దసారు ముఖ్య అతిథిగా వస్తున్నారు. నిర్మలాదేవి గారి పెరట్లో సొరతీగకు యూరియా మోతాదు మించి, ఆకు గొడుగంత వచ్చింది గానీ కాయ రాలేదు. అధ్యక్షురాలి బల్ల ఖాళీగా ఉంటే ఉద్యమానికే అప్రతిష్ఠ. ప్రదర్శన ముందురోజు జీపు మొదటిసారిగా లేబర్ లైను చివరిదాకా వచ్చింది.

ముత్యాలమ్మ పాదుకు అడ్డంగా నిలబడింది. "గది కూరకు కాదమ్మగారూ. ఇత్తనపు కాయ. గది పోతే వచ్చే ఏడు మాకు తీగ లేదు."

"కూరకెవరు అడిగారు? ప్రదర్శనకి. మీ కష్టం నలుగురికీ తెలియాలా వద్దా?" అన్నారు నిర్మలాదేవి గారు.

అంతోనయ్య తలవంచుకుని కొడవలి అందించాడు. ఆ పని చేసినందుకు తర్వాత చాలా రోజులు భార్య ముఖంలోకి చూడలేకపోయాడు.

మర్నాడు తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఆ కాయ, దాని పక్కన 'శ్రీమతి నిర్మలాదేవి గారి స్వయంకృషి' అనే అట్ట వెలిశాయి. మొదటి బహుమతి ఇచ్చారు. పెద్దసారు దాన్ని రెండు చేతులా ఎత్తబోయి, ఒక గుమాస్తా సాయంతో ఎత్తి, ఈ కాయ బరువు మన సంకల్పం బరువని సెలవిచ్చారు. అంతటితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం విందులో తనకు ఈ కాయ కూరే కావాలన్నారు.

కత్తిపీటకు తెగలేదు. అంతోనయ్యను గొడ్డలితో రమ్మన్నారు. మూడు దెబ్బలకు చిట్లింది. లోపల గవ్వల వంటి విత్తనాలు, రెండు దోసిళ్లకు పైనే ఉన్నాయి. ఇవన్నా ఇప్పించండని అడిగాడు. బహుమతి పొందిన వస్తువు భాగాలను ఎవరికి పడితే వారికి ఇవ్వడానికి రూలు లేదని వెంకటరామారావు గారు విచారం వెలిబుచ్చి, వాటిని చెత్తగుంటలో వేసి తగలబెట్టమని వాచ్‌మన్ రూప్‌సింగ్‌కు చెప్పారు. రూప్‌సింగ్ తండా మనిషి, విత్తనం ఏమిటో ఎరిగినవాడు. ఉద్యోగం ఏమిటో కూడా ఎరిగినవాడు. గుంట అంచున బూడిదలో పోసి, తగలబెట్టానని సంతకం పెట్టి, ఎవరితోనూ అనలేదు. కాసేపటికి వాటి మీద విందు విస్తళ్లు పడ్డాయి.

కూర ప్రెషర్ కుక్కర్లో రెండు గంటలు ఉడికింది. అయినా పలుపుతాడు నములుతున్నట్టే ఉంది. పెద్దసారు చాలాసేపు నమిలి, మింగి, సొంత చెమటకు ఉండే రుచే వేరన్నారు. దాంతో నలభై రెండు కుటుంబాలూ నమిలాయి. పీచు ఒంటికి మంచిదని ఒకరన్నారు. తమ చిన్నతనంలో సొరకాయలు ఇలాగే ఉండేవని మరొకరు కళ్లు తుడుచుకున్నారు. సంతలో గోరు గుచ్చి చూడందే ఏ సొరకాయా కొననివారు వీరంతా.

ప్రదర్శన తర్వాత మహిళామండలి ఆ కాయ రహస్యం మీద చర్చించింది. అంత పెద్దదైన కాయకు ఎర్రగుడ్డ కట్టి ఉందని హైమ గారు గుర్తుచేశారు. ఇంకేం, అదే కారణమని తేలింది. ఎర్రగుడ్డ పద్ధతి అని సాంకేతిక సూచన అచ్చువేసి పంచారు. మణుగూరు బట్టలకొట్లో ఎర్రగుడ్డ దొరకకుండా పోయింది. వంకాయలకూ మిరపకాయలకూ, ఒక ఇంట్లో క్రోటన్లకు కూడా కట్టారు.

జనవరిలో తనిఖీ సంఘం ఇంటింటికీ తిరిగింది. నలభై రెండు ఇళ్లూ స్వయంసమృద్ధం అని రాసుకుంది. చివర్న అంతోనయ్య దొడ్డి చూస్తే ఎండిన కట్టెలున్నాయి. అదే సమయానికి ముత్యాలమ్మ పదకొండేళ్లలో మొదటిసారి సంతలో కొన్న వంకాయలతో ఎదురొచ్చింది. తోటమాలి అయి ఉండి కూరగాయలు కొనుక్కు తినడం మీద సంఘం ఆవేదన ప్రకటించింది. వచ్చే ప్రదర్శన నాటికి దొడ్డి పచ్చబడకపోతే ఆ స్థలం వాపసు తీసుకోవాలనీ, అంతోనయ్యకు ఆరు ఆదివారాలు శిక్షణ ఇవ్వాలనీ నిర్ణయించింది.

అంతోనయ్య చర్చిలో ఆదివారం పూజకు పోవడం మాని, క్లబ్బులో బెంచీ మీద ఒక్కడే కూర్చుని, విత్తనం నాటడం ఎలాగో నిర్మలాదేవి గారి నోట విన్నాడు. చివర పరీక్ష పెట్టారు. కాయకు ఎర్రగుడ్డ ఎందుకు కట్టవలెను?

"ఎవరూ తెంపకుంట అమ్మగారూ," అన్నాడు.

అది తప్పు. పెరగడానికి అన్నది సరైన జవాబు. అయినా పెద్దమనసుతో పాస్ చేసి సర్టిఫికెట్ ఇచ్చారు.

జూన్‌లో వాన మళ్లీ మొహం చూపించింది. చెత్తగుంట అంచున, కుళ్లిన విస్తళ్ల సందున, సొరమొలకలు లేచాయి. రూప్‌సింగ్ అటుగా వచ్చి, గుంట దగ్గర ఒకసారి చూడమని మాత్రం చెప్పి పోయాడు. ముత్యాలమ్మ వెళ్లి చూసి, అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత చెంగులో మట్టితో సహా తెచ్చి దొడ్డిలో నాటింది. వాన బాగా పడింది. తీగ గుడిసె ఎక్కింది. శిక్షణ ఫలించినదని తనిఖీ సంఘం రాసుకుంది, స్థలం దక్కింది.

పిందెలు పడ్డనాడు ముత్యాలమ్మ రవిక చింపి, గుడ్డ చేత పట్టుకుని చాలాసేపు నిలబడింది. మొదటి పిందెను ఆకులు కప్పి వదిలేసింది. నవంబరు చివర వచ్చిన లేత కాయల్లో ఒకదానికి గుడ్డ కట్టింది.

అంతోనయ్యకు భయం వేసింది. "గిది మోసం కాదే?"

"నేనేమన్న జెప్పిన్నా? గుడ్డ గట్టిన. గుడ్డనే గద వాళ్లకు కావాల్సింది," అంది ముత్యాలమ్మ.

ప్రదర్శన ముందురోజు జీపు వచ్చింది. గుడ్డ వెతుక్కుని, కాయ తెంపుకుని, కృతజ్ఞతలు చెప్పి వెళ్లింది. ఆకుల చాటున ఉన్న కాయను ఎవరూ చూడలేదు, దానికి గుడ్డ లేదు కనుక.

విందులో ఆ లేత కాయ పావుగంటలో వెన్నలా ఉడికింది. పెద్దసారు ఒక ముద్ద తిని, నమలడానికి ఏమీ లేక ఆగిపోయారు. నిరుటి కాయలో ఉన్న నిజాయితీ ఇందులో లేదన్నారు. నలభై రెండు కుటుంబాలూ చెంచాలు కింద పెట్టాయి. ఇది ఎవరి చెమటో అనుమానమేనని ఒకరన్నారు. సంతలో కొన్నదై ఉంటుందని మరొకరన్నారు. కమ్మగా ఉందని పైకి అన్నవారు ఒక్కరూ లేరు. మీరైనా అనేవారా? ముఖ్య అతిథి పక్కన ఎప్పుడైనా కూర్చుని ఉంటే నిజం చెప్పండి.

కాయ అలా మెత్తగా ఉండటానికి కారణం తెలపవలసిందిగా అంతోనయ్యకు మెమో వచ్చింది. గుమాస్తా సంజాయిషీ రాసిపెట్టాడు. 'కూర ఉడికినందుకు క్షమించగలరు.' అంతోనయ్య కింద వేలిముద్ర వేసి ఇంటికి వచ్చాడు. ముత్యాలమ్మ అరుగు మీద కూర్చుని, ముదిరిన కాయ పగలగొట్టి, విత్తనాలు బూడిదలో కలుపుతోంది. బుర్ర మూతికి చుట్టడానికి గట్టి కాగితం కావాలంటే, తన సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చాడు.