కాచని నీళ్ళ వార్డు

ఇక మీదట ఊళ్ళో ఎవరూ నీళ్ళు కాచుకోనక్కర్లేదని నీటి శాఖ మంత్రిగారు సభాముఖంగా ప్రకటించారు. కొత్త శుద్ధి కేంద్రం నుంచి వచ్చే కుళాయి నీళ్ళు అంత స్వచ్ఛమట. వాటిని కాచినా, వడకట్టినా, క్లోరిన్ బిళ్ళ వేసినా ప్రభుత్వాన్ని అనుమానించినట్టేనట. ఇంత సూటిగా ఆలోచించే నాయకుడు దొరకడం ప్రజల అదృష్టం. కేంద్రంలో ఫిల్టర్లు ఇంకా బిగించలేదన్న చిన్న విషయంతో ఆయన్ని విసిగించడం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

వార్డు నీళ్ళ ఇన్‌స్పెక్టరు తొమ్మిదేళ్ళుగా టెంపరరీ. "నీ వార్డులో ఒక్క ఇంట్లోనూ నీళ్ళు కాయట్లేదని రిపోర్టు ఇవ్వు, పర్మనెంట్ చేయిస్తా" అని మంత్రిగారి పీఏ మాటిచ్చాడు. మర్నాడే ఇన్‌స్పెక్టరు కాగితాలు పట్టుకుని వంటిళ్ళ మీద పడ్డాడు.

మొదటి ఇంట్లో పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతోంది.

"ఏంటమ్మా ఇది?"

"టీ అండీ."

"పొడి ఏదీ?"

"డాక్టరు పొడి మానెయ్యమన్నాడండీ."

టీ అని రాసుకున్నాడు. పక్కింట్లో బిందె అడుగున పటిక ముక్క కనిపించింది. తన భర్త గడ్డం గీసుకుంటుంటే జారిపడిందని ఆ ఇల్లాలు చెప్పింది. గడ్డం గీసుకోవడం మీద నిషేధం లేదు కాబట్టి వదిలేశాడు. ఆ పై డాబా మీద ఒక ముసలమ్మ నీళ్ళ సీసాలను వరసగా ఎండలో పడుకోబెట్టింది.

"ఇదేం పని మామ్మా?"

"నేనెక్కడ కాచాను నాయనా? ఎండ కాచింది. రాసుకో, ఎండ మీద కేసు."

ఎండకి ఫారం లేదు. కిందికి దిగి వచ్చేశాడు.

తీరా ఇంటికొస్తే సొంత పొయ్యి మీదే నీళ్ళు మరుగుతున్నాయి. పాపకి వాంతులూ విరేచనాలూ తగ్గి నాలుగు రోజులే అయింది.

"ఆపవే! నా ఉద్యోగం ఊడుతుంది."

"మీరు పర్మనెంట్ అయ్యేసరికి పిల్ల బాగుండాలి కదండీ" అంది భార్య.

అతను పొయ్యి ఆపలేదు. తన ఇంటి నంబరుకి ఎదురుగా 'కాచుట లేదు' అని రాసుకున్నాడు.

రిపోర్టు చూసి మంత్రిగారు మురిసిపోయారు. ఆదర్శ ఉద్యోగి ఇంట్లో కుళాయి నీళ్ళు తాగుతానని ఫోటోగ్రాఫర్లతో సహా దిగిపోయారు. ఆయన ముందుగదిలో ఉపన్యసిస్తుంటే పీఏ మెల్లగా వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, కాచి చల్లార్చిన నీళ్ళేమైనా ఉన్నాయా? సార్‌కి పొట్ట కాస్త సున్నితం."

ఇన్‌స్పెక్టరు పొయ్యికి అడ్డంగా నిలబడ్డాడు. "మా ఇంట్లో అలాంటివి ఉండవు సార్! కావాలంటే రిపోర్టు చూడండి."

"రిపోర్టు నేను చదివానయ్యా. నీళ్ళ సంగతి అడుగుతున్నా."

భార్య పాప కోసం కాచిన నీళ్ళలోంచి ఒక గ్లాసు నింపి ఇచ్చింది. మంత్రిగారు కెమెరాల ముందు గటగటా తాగి, "ఇదండీ మన కుళాయి రుచి!" అన్నారు. చప్పట్లు మోగాయి.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. పర్మనెంటే. ఇన్‌స్పెక్టరుకి కళ్ళు చెమర్చాయి.

"ఎక్కడ వేశారండీ?" అంది భార్య.

"మంత్రిగారి బంగళాలో."

"అక్కడేం పని?"

అతను రెండో పేజీ తిప్పి చదివాడు. "ప్రతి ఉదయం ఐదు గంటలకు వంటగదిలో నలభై లీటర్ల కుళాయి నీరు మరిగించి, చల్లార్చి, మూత పెట్టవలెను."

ఆవిడ పొయ్యి దగ్గర కాస్త పక్కకి జరిగింది.

"రండి, నేర్చుకుందురుగాని."