లైన్‌మన్ కూర్చున్నంతసేపూ

మానవజాతి ఇంతవరకు కట్టుకున్న వ్యవస్థలన్నిటిలోకీ ఇంటి ఇంటర్నెట్ మర్యాదస్తురాలు. పరాయివాళ్ల ముందు అది చచ్చినా చెడిపోదు.

ఈ సత్యం ఆ ఇంటి కోడలికి నాలుగో ఫిర్యాదు నాటికి బోధపడింది. మోడెం మీద ఎర్రదీపం వెలుగుతుంది. ఆమె ఫోన్ చేస్తుంది. లైన్‌మన్ వస్తాడు. అత్తగారు మూలనున్న బరువైన కర్ర కుర్చీని హాలు మధ్యకు లాగి, "కూర్చో బాబూ" అంటుంది. (అది వచ్చినవాళ్ల కోసం. ఇంట్లోవాళ్లు అందులో కూర్చున్న దాఖలా లేదు.) అతను కూర్చునేసరికి దీపం పచ్చగా నవ్వుతుంటుంది. అతను మెట్లు దిగేలోగా అత్తగారు ఇల్లు సర్దేస్తుంది, దీపం మళ్లీ ఎర్రబడుతుంది.

కంపెనీ వారి లోప నిరూపణ నిబంధనలు, ఏడో పేరా ప్రకారం, సిబ్బంది కళ్లారా చూడని లోపం లోపం కాదు, వినియోగదారుడి అభిప్రాయం. అభిప్రాయాలు తీసుకునే విభాగం వేరే ఉంది. (మంగళవారం తెరుస్తారు. ఏ మంగళవారమో చెప్పరు.) ఫిర్యాదుల ఉపశమనాధికారి మాత్రం ఫోన్‌లో ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు.

"మోడెం ఆపి మళ్లీ వేశారా అమ్మా?"

"పదకొండుసార్లు వేశానండీ."

"అదేనమ్మా చిక్కు. అందరూ పదకొండుతో ఆపేస్తున్నారు."

ఆమె తొందరకు కారణం ఉంది. మూడేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగానికి ప్రయత్నిస్తోంది. ఒకే కంపెనీతో రెండుసార్లు వీడియో ఇంటర్వ్యూ, ఇంటికొచ్చిన చుట్టాలు అటు వెళ్లగానే, మధ్యలో తెగిపోయింది. రెండోసారైతే "నా బలం ఏమిటంటే" దగ్గర తెరిచిన నోరు తెరిచినట్టే నిలిచిపోతే, అవతలివాళ్లు ఆ బలం కోసం పది నిమిషాలు కాచుకుని కూర్చున్నారట. గురువారం పదకొండింటికి ఆఖరి అవకాశం. అదీ పోతే ఇక పిలవరు.

అందుకే గురువారం పదిన్నరకు ఐదో ఫిర్యాదు మీద లైన్‌మన్‌ని రప్పించింది. యథాప్రకారం కుర్చీ వేశారు, కూర్చున్నాడు, పచ్చదీపం వెలిగింది.

"అన్నా, గంటన్నర ఇక్కణ్ణుంచి కదలకు. నువ్వుంటేనే అది పనిచేస్తుంది."

"ఇంకా నాలుగిళ్లకి వెళ్లాలి మేడం."

"వాళ్లెక్కడికి పోతారు బాబూ?" అత్తగారు టీ చేతికిచ్చింది. "నెట్ లేదు కదా, నీకోసం ఇంట్లోనే ఉంటారు."

అతను మూడు టీలు తాగాడు. రెండు ఫోటో ఆల్బమ్‌లు చూశాడు. ఎవరో తెలియని పెళ్లికొడుకుని చూసి, మంచి ఒడ్డూ పొడుగూ అని మెచ్చుకున్నాడు.

పన్నెండింటికి కోడలు గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "అత్తయ్యా, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు!" అత్తగారు ఆమెను వాటేసుకుంది. లైన్‌మన్ లేచి నిలబడి, తన పిల్లకే ఉద్యోగం వచ్చినట్టు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సంబరంలోనే అత్తగారు కుర్చీని మూలకు తోసేసింది. టక్కున ఎర్రదీపం.

ముగ్గురూ వంగి చూశారు. గోడ వారగా నేల మీద నుంచి వచ్చే కేబుల్‌ను కుర్చీ వెనక కాలు తొక్కిపెట్టి ఉంది. కుర్చీ ఎత్తితే పచ్చ, దించితే ఎరుపు. అత్తగారు నాలుగుసార్లు ఎత్తించి, దింపించి, "ఆర్నెల్ల నుంచీ ఇదంతా నా నిర్వాకమేనా అమ్మాయ్!" అని పడీపడీ నవ్వింది.

నలుగురికీ పనికొస్తుందని కోడలు ఉన్నదున్నట్టు కంపెనీకి రాసింది. ఫారంలో కుర్చీకి గడి లేదు గనక 'ఇతరములు' కింద రాసింది. ఉపశమనాధికారి కార్యాలయం మూడు వారాలు పరిశీలించి తేల్చింది ఏమంటే, సిబ్బంది కూర్చోవడం వల్లే లోపాలు దాక్కుంటున్నాయి. కాబట్టి ఇకపై వినియోగదారుల ఇళ్లలో ఎవరూ, ఏ పని మీదా కూర్చోరాదు. (నేల మీద గొంతుక్కూర్చోవడం కూడా కూర్చోవడమే అని ఏడో పేరాకు వివరణ జతచేశారు.)

కృతజ్ఞతగా ఆమెకు కొత్త కేబుల్ మంజూరు చేశారు. అదే లైన్‌మన్ వచ్చి, అత్తగారు వేసిన కుర్చీకి దూరం నుంచే దండం పెట్టి, నిలబడే బిగించాడు. నిలబడితే చేతికి వీలుగా ఉండేది ఛాతీ ఎత్తే కనక, కేబుల్ హాలుకి అడ్డంగా, ఆ ఎత్తులోనే వెళ్లింది.

ఇప్పుడు నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. ఇంటిల్లిపాదీ దాని ముందు వంగి నడుస్తున్నారు.