తొంభై రెండు కిలోల శవం

"బామ్మర్దీ, లోకంలో మనుషులు రెండు రకాలు. నేరాలు చేసేవాళ్ళు, నా చేతికి చిక్కేవాళ్ళు," అన్నారు మా బావగారు. ప్యాకింగ్ హాల్లో స్టేప్లర్ల అట్టపెట్టె మీద సింహాసనం ఎక్కినట్టు కూర్చున్నారు.

"ఆ రెండు రకాలూ ఒకళ్ళే కదా బావగారూ?"

"చూశావా, నా పక్కన నాలుగు రోజులుంటే నీకు కూడా బుర్ర పనిచేస్తోంది."

మా అక్కను కట్టుకున్నాక ఆయన ఎన్ని ఉద్యోగాలు పట్టి ఎన్ని వదిలారో చెప్పాలంటే చెప్పేవాడికీ వినేవాడికీ ఓపికుండాలి. ప్రస్తుతానికి ఆయన అంతర్జాతీయ అపరాధ పరిశోధకులు. విజిటింగ్ కార్డు మీద అలాగే ఉంది. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే, పక్కింటాయన చెప్పులు మాయమైన కేసు. చెప్పులు చివరికి బావగారి కాళ్ళకే దొరికాయి. దాన్నీ ఆయన ఘనవిజయం కిందే జమకట్టుకున్నారు.

ఆయన్ని ఒక మాట అనడానికి లేదు, ఇంటి అల్లుడాయె. బావమరిదిని, నేను అనలేను. మా పిన్ని అసలే అనలేదు.

ఆఫీసు సామాన్ల వ్యాపారం పిన్నిదే. నేను ఆమె దగ్గర ప్యాకింగూ తూకాలూ చూస్తాను. వీధి చివర కొట్లో పెన్సిళ్ళు, రబ్బర్లు అమ్ముతూ పైకొచ్చిన మనిషికి ఇన్నాళ్ళకు విదేశం నుంచి మొదటి ఆర్డరు వచ్చింది. సముద్రానికి అవతల ఎవరో కొత్త ఆఫీసు తెరుస్తూ, గుండుసూది మొదలు గిర్రున తిరిగే కుర్చీ దాకా అన్నీ మా దగ్గరే అడిగారు. ఆ సాయంత్రం ఓడరేవు గేటు మూసేలోపు మా కంటైనర్ లోపలికి చేరాలి. ఓడ తప్పిందా, ఆర్డరు ఇంకొకరికి పోతుంది. ఆ మాట వాళ్ళు ముందే చెప్పేశారు.

"నా సరుకు ఓడెక్కితే చాలురా, నేను ఎక్కకపోయినా ఫర్లేదు," అంటూ పిన్ని ప్రతి అట్టపెట్టెనూ చేత్తో తడిమి మరీ పంపింది. 

"ఓడ సరుకంటే అంతర్జాతీయ ముఠాల కన్నుంటుంది అత్తయ్యగారూ. లారీలో నేను వెళతాను. రహస్య నిఘా," అన్నారు బావగారు.

"మీకెందుకండీ అంత శ్రమ?" అంది పిన్ని. వద్దు మహాప్రభో అనడానికి ఆమెకు అంతకన్నా గట్టి మాట రాలేదు.

"శ్రమా? నా రక్తంలోనే ఉంది," అంటూ ఆయన రెండోసారి భోంచేసి లారీ ఎక్కారు. డ్రైవరు సీటు వెనక, పడుకోవడానికి ఒక బల్ల, దానికో పరదా ఉంటాయి. నిఘా ఆ పరదా వెనక మొదలైంది. పిన్నీ నేనూ కారులో వెనకే వెళ్ళాం.

ఓడెక్కే కంటైనర్ బరువెంతో ముందే చెప్పాలి. మేము పెట్టె పెట్టె తూచి మొత్తం చెప్పాం. దారిలో వేబ్రిడ్జి మీద లారీని నిలబెట్టి తూచి, ఖాళీ లారీ బరువు తీసేస్తే ఆ లెక్క సరిపోవాలి. సరిపోతేనే చీటీ ఇస్తారు, చీటీ ఉంటేనే గేటు తీస్తారు. తూకమప్పుడు లారీలో ఎవరూ ఉండకూడదు. డ్రైవరు దిగాడు. పరదా వెనక నుంచి గురక వినిపిస్తోంది.

"అయ్యగారిని కూడా లేపమంటారా అమ్మా?"

"నీకు పుణ్యముంటుంది, లేపకు బాబూ. భోంచేసి పడుకున్న అల్లుణ్ణి లేపితే ఏం మర్యాదగా ఉంటుంది?"

అల్లుడికి మర్యాద ఉంటుందని మాకు తెలుసు. బరువు కూడా ఉంటుందని ఒక్కరికీ తోచలేదు.

కాటా ఆపరేటర్ గది లారీ తోకవైపు ఉంది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "మీరు చెప్పినదానికన్నా తొంభై రెండు కిలోలు ఎక్కువుందమ్మా. చీటీ ఇవ్వడం కుదరదు," అన్నాడు.

పిన్ని ముఖంలో నెత్తురు చుక్క లేదు. తూచినవాణ్ణి నేనే కాబట్టి ఆమె నావైపు చూసింది. నాకు ఒక్క పెట్టె బరువు కూడా సరిగ్గా గుర్తురాలేదు.

ఈ గొడవకు బావగారు లేచి క్యాబిన్ కిటికీలోంచి తల బయటపెట్టారు. "తొంభై రెండు కిలోలా? బామ్మర్దీ, అది పెన్నుల బరువు కాదు. మనిషి బరువు. కంటైనర్లో శవం ఉంది."

"శవమేమిటండీ?" అంది పిన్ని నీరసంగా.

"హతుడు నలభై దాటినవాడు. బద్ధకస్తుడు. పరాయి సొమ్మయితే రెండుసార్లు భోంచేసే రకం. పెళ్ళయింది."

"పెళ్ళయిందని ఎలా తెలిసింది బావగారూ?"

"అంత ఒళ్ళు ఒంటరిగా పెరగదు."

ఆపరేటర్ మంచివాడు. లారీ కిందికి దింపి ఇంకోసారి ఎక్కించమన్నాడు. డ్రైవరు అలాగే చేసి మళ్ళీ దిగాడు. బావగారు మాత్రం దిగలేదు. తాను దిగితే నేరస్థుడు తప్పించుకుంటాడని తలుపు గడియ పట్టుకుని కూర్చున్నారు. ఆయన కళ్ళెదురుగానే ఉన్నా మాకు వెలగలేదు. భయం పట్టుకున్నవాళ్ళకి బుర్ర పనిచేయదు.

"అదే తొంభై రెండు," అన్నాడు ఆపరేటర్. "ఇక కంటైనర్ తలుపులకున్న సీలు కోసి లోపల చూసుకోండి."

సీలు కోస్తే మళ్ళీ తనిఖీ, మళ్ళీ కొత్త సీలు. ఆ లోగా ఓడ వెళ్ళిపోతుంది. పిన్ని కాసేపు కంటైనర్ తలుపులనే చూసి, "ఏం చేస్తాం, కొయ్యండి," అంది. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

"ఆ చారిత్రక ఘట్టం నా చేతుల మీదుగానే జరగాలి," అంటూ బావగారు క్యాబిన్ తలుపు తీసి, మెట్టు మీద కాలు పెట్టబోయి గాలిలో పెట్టారు. దబ్బున కాటా పలక అవతల మట్టిలో పడ్డారు.

"ఆగండాగండి," అన్నాడు ఆపరేటర్. "తగ్గింది. లెక్క సరిపోయింది."

"ఏమిటీ, శవం పారిపోయిందా?" బావగారు దుమ్ము దులుపుకోకుండానే పలక మీదికి ఎక్కి చక్రాల కిందికి తొంగిచూశారు.

"మళ్ళీ పెరిగింది."

"వెనక్కొచ్చాడు. బామ్మర్దీ, నువ్వు అటు కాయి." ఆయన రెండోవైపు దూకారు.

"తగ్గింది."

"భలే చురుకైన శవం." మళ్ళీ ఎక్కారు.

"పెరిగింది. తగ్గింది. ఇదేమిటండీ, సగమే పెరిగింది?"

బావగారు ఒక కాలు పలక మీద, ఒక కాలు మట్టిలో పెట్టి గడ్డం నిమురుకుంటున్నారు. "సగమా? అంటే ముక్కలు చేశారన్నమాట. ఎంత దారుణం."

డ్రైవరు నోట్లో తువ్వాలు కుక్కుకుని టైరు చాటుకు పోయాడు. నేను పిన్నిని చూశాను. పిన్ని పలక మీదున్న ఆ ఒక్క కాలును చూస్తోంది. ఆమె ముఖంలోకి రంగు మెల్లగా తిరిగొచ్చింది. అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచి, అల్లుడన్న సంగతి గుర్తొచ్చి మూసుకుంది. తర్వాత ఎంతో వినయంగా పిలిచింది.

"అల్లుడుగారూ, వాడు మీకు తప్ప ఇంకెవరికీ లొంగడు. మీరొచ్చి ఇలా నా పక్కన కదలకుండా నిలబడితే చాలు, లారీ జోలికి రాడు."

"సరిగ్గా గ్రహించారు అత్తయ్యగారూ." ఆయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎందుకైనా మంచిదని పిన్ని ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చీటీ వచ్చింది. సీలు చెక్కుచెదరలేదు. డ్రైవరు ఇంకో మాటకు ఆగకుండా లారీ ఉరికించాడు. మేము రోడ్డు పక్కన ఫోను చూసుకుంటూ నిలబడ్డాం. చివరికి మోగింది. "లోపలికెళ్ళిపోయామమ్మా. మా వెనకే గేటు వేసేశారు," అన్నాడు డ్రైవరు. పిన్ని అక్కడే రాయి మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. నేనూ ఏడ్చాను, అందులో సిగ్గేముంది?

బావగారు ఆమె మీదికి వంగి, గొంతు తగ్గించారు. "అత్తయ్యగారూ, మరీ నిశ్చింతగా ఉండకండి. సరుకు వెళ్ళింది గానీ వాడు ఓడెక్కలేదు. ఇంకా మన మధ్యే తిరుగుతున్నాడు. అనుభవంతో చెబుతున్నాను."

పిన్ని కళ్ళు తుడుచుకుని లేచింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన్ని అండీ గిండీ లేకుండా పిలిచింది.

"తెలుసు నాయనా. ముందు కారెక్కు, వాణ్ణి పెళ్ళాం దగ్గర దింపేసి వద్దాం."