వాలు మీద విద్యుత్ బస్సు

ఇకమీదట మన ఊళ్లో పొగ అనేది సిగరెట్టు కాల్చేవాళ్ల నోట్లోంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ రాదని రవాణా మంత్రిగారు మా వీధి చివర వేదికెక్కి ప్రకటించినప్పుడు, చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాట దాకా రావడానికి ఆయన చాలా శ్రమపడ్డారు. మొదటి ఎన్నికల్లో ఊళ్లో ప్రతి బండినీ విద్యుత్ బండి చేస్తానన్నారు. రెండో ఎన్నికల్లో ప్రతి బస్సునీ అన్నారు. ఈసారి ఒక బస్సు అన్నారు, తెచ్చారు. హామీ పలచబడిందని గిట్టనివాళ్లు అన్నారు గానీ, నాకైతే చిక్కబడిందనిపించింది.

బస్సు ముచ్చటగా ఉంది. ఆకుపచ్చ రంగు, మెత్తటి సీట్లు, ఒక పక్క మంత్రిగారి నవ్వు, రెండో పక్క అదే నవ్వు. బ్యాటరీ మాత్రం లేదు. బస్సు రవాణా శాఖది, బ్యాటరీ విద్యుత్ శాఖది. ఆ ఇద్దరు మంత్రులకీ మాటల్లేవు. బ్యాటరీ రెండో దశలో వస్తుందని డిపో మేనేజరు మైకులో చెప్పారు. ఛార్జింగ్ స్టేషను ప్రారంభోత్సవం కూడా ఆ పూటే అయిపోయింది. అంటే రిబ్బను కత్తిరించి ఇసుక పోశారు.

ఆ బస్సుకి డ్రైవరుగా వేసింది మా మేడమీద అద్దెకుండే కుర్రాణ్ణే. మా ఆవిడ పోయాక సాయంత్రాలు నాకు టీ వచ్చేది ఆ మేడమీది నుంచే. అడక్కుండానే వస్తుంది, చక్కెర తక్కువగా వస్తుంది. అతను కాంట్రాక్టు డ్రైవరు. ఏటా ఓసారి ఉద్యోగంలోంచి తీసేస్తారు, కాళ్లావేళ్లా పడ్డాక మళ్లీ పెట్టుకుంటారు. ఆ మధ్య రోజుల్లో భార్యాభర్తలిద్దరూ మెట్లు చప్పుడు కాకుండా దిగుతారు, నాకు అద్దె గుర్తొస్తుందేమోనని. విద్యుత్ బస్సుని నిర్ణీత దూరం నడిపినవాళ్లని పర్మనెంటు చేస్తామని మంత్రిగారు అదే వేదిక మీద అన్నారు. అందుకని అతను చేతిలో ఉన్న డీజిల్ బస్సు వదిలేసి దీంట్లోకి దూకాడు.

"కదలని బస్సుని దూరం ఎలా నడుపుతావురా?" అన్నాను.

"మేనేజరుగారు చూసుకుంటానన్నారు బాబాయ్."

మేనేజరుగారు చూసుకున్నారు. మా రూటులో తిరిగే పాత డీజిల్ బస్సు వెనక గొలుసు వేసి విద్యుత్ బస్సుని కట్టించారు. ముందు బస్సు లాగుతుంది, వెనక బస్సులో మావాడు స్టీరింగు తిప్పుతాడు. ఎన్నేళ్లుగానో ఒక్క బస్సు కోసం పడిగాపులు పడ్డ మా స్టాపుకి ఒకేసారి రెండు బస్సులు రావడం చూసి నా కళ్లు చెమర్చాయి. వెనకదాంట్లోకి మమ్మల్ని ఎక్కనివ్వలేదు, సీట్లు మాసిపోతాయని. కానీ చూడ్డానికి టికెట్టు లేదు.

ముందు బస్సు డ్రైవరు మావాడికి వరసకి బావ అవుతాడు. దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేవాడు.

"ఒరేయ్, ఊరికే బ్రేకులు తొక్కకు. నీ పర్యావరణాన్ని లాగలేక నా బండి చస్తోంది."

"నువ్వు పొగ తగ్గించు బావా. మొహం కనబడ్డం లేదు."

"మంచిదేగా, అప్పులవాళ్లు గుర్తుపట్టరు."

ముందు బస్సు వదిలిన పొగంతా సూటిగా వెనక బస్సులోకే వెళ్లేది. సాయంత్రం మావాడు ఇంటికొస్తే కళ్లు, పళ్లు మాత్రమే తెలిసేవి. వాళ్లావిడ మెట్ల దగ్గరే నీళ్ల బకెట్టు పెట్టి, "పొగలేని బస్సు నడిపేవాళ్లు ఇలా ఉంటే, బొగ్గు మోసేవాళ్లు ఎలా ఉంటారో పాపం" అనేది. దగ్గు ఎక్కువై అతను మేనేజరుగారితో మొరపెట్టుకుంటే, ఆయన చాలా ఓపిగ్గా వివరించారట. "చూడు బాబూ. ఆ పొగ ముందు బండిది. నువ్వున్నది వెనక బండిలో. రెండింటికీ సంబంధం ఏంటి? గొలుసు సంగతి నువ్వెక్కడా ఎత్తకు."

ఇలా ఉండగా, పొగలేని ఊరికి అవార్డిచ్చే కమిటీ ఒకటి మా ఊరు చూడ్డానికి వస్తున్నట్టు తెలిసింది. మంత్రిగారు వాళ్లని స్వయంగా విద్యుత్ బస్సులో కూర్చోబెట్టి తిప్పుతానన్నారు. మేనేజరుగారికి రెండు పూటలు అన్నం సయించలేదు. మూడో పూట ఆయనకి మా రోడ్డు గుర్తొచ్చింది. పైన ఆస్పత్రి, కింద మా వీధి. మధ్యలో మంచి వాలు.

మావాడు ఆ సాయంత్రం టీ తనే పట్టుకొచ్చాడు.

"పొద్దున్నే గొలుసుతో పైకి లాగి, గొలుసు విప్పి దాచేస్తారట బాబాయ్. వాళ్లెక్కాక నేను కిందికి వదిలెయ్యాలట. బ్యాటరీ లేకపోతే కాలి బ్రేకు సగం కూడా పడదు. ఆ మాటే మేనేజరుగారితో అన్నాను."

"ఏమన్నాడు?"

"బ్రేకు వేస్తే కీచుమంటుంది, చప్పుడు చెయ్యని బస్సని కమిటీకి రాసిచ్చాం, వెయ్యకు అన్నాడు."

"మానెయ్యరా."

"మానేస్తే ఈసారి మళ్లీ పెట్టుకోరు. మా ఆవిడకి ఇప్పుడు నెలలు నిండుతున్నాయి" అని మేడ వైపు చూశాడు.

మర్నాడు మా వీధివాళ్లం అరుగుల మీద నిలబడి చూశాం. పైనుంచి బస్సు బయల్దేరింది. చప్పుడు లేదు, పొగ లేదు. సగం వాలు దాకా మంత్రిగారు కిటికీలోంచి చెయ్యి ఊపారు. ఆ తర్వాత రెండు చేతులతో కిటికీ పట్టుకున్నారు. మావాడు ఒక చేత్తో స్టీరింగునీ, ఒక చేత్తో హ్యాండు బ్రేకునీ పట్టుకుని, అడ్డొచ్చిన కూరగాయల బండినీ, ఒక స్కూటర్నీ, పడుకున్న కుక్కనీ తప్పించాడు. మలుపు తిరిగి మా వీధిలోకొచ్చి, ఛార్జింగ్ స్టేషను ఇసుకలోకి ముందు చక్రాలు మునిగేదాకా ఎక్కించి ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాళ్లావిడ మేడమీద పిట్టగోడ పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. నేను మంచినీళ్లు పట్టుకెళ్లాను.

మంత్రిగారు తలలో ఇసుక దులుపుకుంటూ దిగారు. కమిటీ అధ్యక్షురాలు కళ్లద్దాలు వెతుక్కుని, "ఇంత వేగం నేనెక్కడా చూడలేదు. కరెంటు ఎంత ఖర్చయింది?" అని అడిగింది.

మావాడు అబద్ధమాడే స్థితిలో లేడు. "ఏమీ అవ్వలేదమ్మా."

"డీజిల్?"

"అదీ లేదండి."

"మరి దేంతో నడిచింది?"

మేనేజరుగారు అడ్డం వచ్చి, "ప్రభుత్వ సంకల్పంతో నడిచిందండి" అన్నారు.

ఆమె రాసుకుంది. అవార్డు అక్కడే ఖాయమైంది. మంత్రిగారు మెట్టు మీద నిలబడి మావాడి భుజం మీద చెయ్యేసి, దూరంతో నిమిత్తం లేకుండా ఇతన్ని ఈ క్షణం నుంచి పర్మనెంటు చేస్తున్నానన్నారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు చేతికొచ్చింది. మావాడు దాన్ని ఎన్నిసార్లు చదివాడో, వాళ్లావిడ లాక్కుని బియ్యం డబ్బాలో దాచింది. ఆ రోజు నాకు టీతో పాటు మిఠాయి వచ్చింది. ఆ ఇంట్లో ఆ రాత్రి మెట్ల మీద అడుగుల చప్పుడు ధైర్యంగా వినబడింది. ఏ ప్రభుత్వం వల్లనైనా ఇలాంటి మేలు జరిగితే ఒప్పుకోవాలి.

మంత్రిగారు అంతటితో ఆగలేదు. ఇంజను లేకుండా బస్సు ఇంత బాగా నడుస్తుంటే ఇన్నాళ్లూ ఇంజన్లకి డీజిల్ పోసి ప్రజాధనం కాల్చామని బాధపడ్డారు. మా రూటులో పాత బస్సుకి కూడా ఇంజను తీసేసి ఆకుపచ్చ రంగు వెయ్యమన్నారు. పనివాళ్లు ఆ పూటే వచ్చి ఇంజను దించుకుపోయారు.

మర్నాడు పొద్దున మావాడు కొత్త యూనిఫారంలో డ్యూటీకి వెళ్లాడు. నాకు ఆస్పత్రిలో బీపీ చూపించుకోవాల్సి ఉండి నేనూ స్టాపులో నిలబడ్డాను. రెండు బస్సులూ ఇసుక పక్కన వరసగా ఉన్నాయి.

"ఇంకా బయల్దేరలేదేం? టైమయింది" అన్నారు మేనేజరుగారు.

"మొదటి ట్రిప్పు పైకి వెళ్లాలి సార్. లాగే బండికి నిన్న ఇంజను తీయించారు."

మేనేజరుగారు వాలు వైపు చూశారు. వాచీ వైపు చూశారు. చివరికి స్టాపులో నిలబడ్డ మావైపు చూశారు.

కండక్టరు వచ్చి అందరికీ టికెట్లు కొట్టాడు. తర్వాత మమ్మల్నందరినీ బస్సు వెనక్కి రమ్మన్నాడు. మావాడు స్టీరింగు ముందు కూర్చుని, అద్దంలోంచి నన్ను చూడలేక తల దించుకున్నాడు.

వృద్ధులకి రాయితీ ఇచ్చారు. మేం ఒక చేత్తో తోస్తే చాలు.