కైండ్లీ బీ సీటెడ్

మన పెద్దాసుపత్రికి మొదటి బహుమతి వచ్చింది. వైద్యానికి కాదు, మర్యాదకు. వైద్యానికి బహుమతి ఇస్తామని ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు.

బహుమతి ఊరికే రాలేదు. మెడకు టై బిగించుకున్న శిక్షకుడొకాయన మూడు వారాలు తరగతులు నడిపాడు. అటెండరు మొదలు సూపరింటెండెంటు దాకా బల్లల మీద కూర్చుని మర్యాదైన ఇంగ్లీషు వల్లెవేశారు. "కూర్చో" అనడం మోటు. "కైండ్లీ బీ సీటెడ్, సర్" అనడం నాగరికం. "మందుల్లేవు, పో" అనకూడదు. "వియ్ రిగ్రెట్" అని ఎత్తుకోవాలి. మందులు ఎలాగూ ఉండవు గనక ఆ వాక్యం అందరికీ త్వరగా నోటికొచ్చింది.

ఆ మూడు వారాల్లోనే ఒక ఉదయం, తాళాలు బాగుచేసే మేస్త్రి ఒకతను తన భార్యను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమెకు ఊపిరాడటం లేదు. డాక్టరు చూసి వెంటనే ఆక్సిజన్ పెట్టమన్నాడు. సిలిండర్ల గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి స్టోర్‌కీపరు జేబులో ఉంది. స్టోర్‌కీపరు మర్యాద తరగతిలో ఉన్నాడు. తరగతి జరుగుతుండగా తలుపు తట్టడం అమర్యాద అని మొదటి పాఠంలోనే చెప్పారు.

మేస్త్రి సంచీ భుజానే ఉంది. పనిముట్లు అందులోనే ఉన్నాయి. "అమ్మా, నేను తాళాల మేస్త్రినే..." అంటూ లేచాడు.

"కైండ్లీ బీ సీటెడ్, సర్," అంది నర్సు చిరునవ్వుతో.

ముప్ఫై ఏళ్లుగా "ఏయ్ తాళాలూ" అన్న పిలుపే ఎరిగిన మనిషి. ఈ సర్ ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ ఉంది. అంత గౌరవం కాదనలేక బెంచీ మీద కూర్చున్నాడు. ముప్పావుగంట కూర్చున్నాడు. ఆ తర్వాత ఆక్సిజన్‌తో పని లేకపోయింది.

నెల తిరిగాక అర్జీ పెట్టాడు. తాళంచెవి ఎవరి దగ్గరుంది, తలుపు ఎందుకు తట్టలేదు. అడిగింది ఆ రెండే. జవాబు రాయడానికి అయిదుగురితో కమిటీ వేశారు. "రిగ్రెట్" ముందు "డీప్లీ" పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఒకాయన, పెట్టకపోతే మొరటుగా ఉంటుందని ఇంకొకాయన. మూడు సమావేశాల తర్వాత "సిన్సియర్లీ" దగ్గర రాజీ పడ్డారు. ఉత్తరంలో చావు మాట అందంగా ఉండదని "ఇన్‌కన్వీనియెన్స్" అని వేశారు.

మేస్త్రికి ఇంగ్లీషు రాదు. ఉత్తరం బావమరిది దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు, పోయినావిడకు స్వయానా తమ్ముడు. కళ్లజోడు తగిలించుకుని రెండుసార్లు చదివాడు. కళ్లు చెమర్చాయి.

"ఎంత బాగా రాశారు బావా. ఒక్క తప్పు లేదు."

"తాళంచెవి ఊసుందా?"

"అది లేదు. కామాలు మాత్రం ఎక్కడివక్కడున్నాయి. ఇది నా దగ్గరుంచు, పిల్లలకు చూపిస్తా."

"మీ అక్క గురించో?"

"అక్క గురించి... ఇదిగో, ఈ ఇన్‌కన్వీనియెన్స్ అన్నది అక్కే."

బహుమతి సభ రోజు వచ్చింది. కప్పు ముందురోజే వస్తే భద్రంగా హాల్లోని బీరువాలో పెట్టి తాళం వేశారు. తీరా చూస్తే తాళంచెవి లేదు. ముఖ్య అతిథి ఉపన్యాసాన్ని మధ్యలోనే ఆపేశారు. అటెండరు పరుగున మేస్త్రి కొట్టుకు వెళ్లాడు.

"ఏయ్ తాళాలూ, లేచి రా. కొంప మునిగింది."

మేస్త్రి వచ్చాడు. ఈసారి అతన్ని ఎవరూ కూర్చోమనలేదు. సంచీలోంచి వంపు తీగ తీశాడు, తిప్పాడు, బీరువా తెరుచుకుంది.

"ఎంతసేపు పట్టిందండీ?" అని సూపరింటెండెంటును అడిగాడు.

ఆయన గడియారం చూసుకున్నాడు. "రెండు నిమిషాలు కూడా పట్టలేదోయ్."

"సిలిండర్ల గదికీ ఇలాంటి తాళమేనండీ," అన్నాడు మేస్త్రి.

సూపరింటెండెంటు కప్పు చేతిలోకి తీసుకుని, శిక్షకుడు నేర్పినట్టే తల కాస్త వంచి, "థాంక్యూ వెరీ మచ్, సర్," అన్నాడు.

హాల్లో ఉన్న మనమందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. కొట్టమా మరి. ఒక్క తప్పు లేదు.